అత్తమ్మ పర్సులో జమ్మి ఆకు: రాజస్థాన్‌లో ఎనిమిది రోజులు

మొదటి రోజు: ఉదయ్‌పూర్

శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీ దగ్గర అత్తమ్మ పర్సు ఆగిపోయింది. లోపల నలిగిన కాగితం పొట్లం ఒకటి కనిపించింది. విప్పితే ఎండిన ఆకులు. తనిఖీ చేస్తున్న అమ్మాయి మన తెలుగు పిల్లే. ఒక్కసారి చూసి, "జమ్మి కదా, మా అమ్మ కూడా పెట్టుకుంటుంది" అని నవ్వి పర్సు తిరిగి ఇచ్చేసింది. దసరా నాడు ఒకరి చేతిలో ఒకరం పెట్టుకునే 'బంగారం' అది. మళ్లీ దసరా వచ్చేదాకా దగ్గర ఉంటే డబ్బుకు లోటు రాదని అత్తమ్మ నమ్మకం. మలక్‌పేటలో మా ఇంటి బీరువాలో, దేవుడి గూట్లో, పోయిన మామయ్య డైరీలో కూడా ఆ ఆకులే.

మొత్తం పద్దెనిమిది మందిమి. 'కొండలు, కోటలు, ఎడారి, మూడు పూటలా తెలుగు భోజనం' అని కరపత్రంలో వేశారు. ఆఖరి మాట మిగతా వాటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంది. వంట మాస్టారు, ఆయన సహాయకుడు రెండు రోజుల ముందే బియ్యం, చింతపండు, కారం మూటలతో రైలెక్కి వెళ్లిపోయారట. మా బృందంలో దేవరకొండ దగ్గరి తండాలో పుట్టి వనస్థలిపురంలో స్థిరపడ్డ లెక్చరర్ గారు, ఆయన భార్య ఉన్నారు. కూకట్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటున్న కర్నూలు మాస్టారు ఉన్నారు. ఈ ముగ్గురే లేకపోతే ఇది ఫోటోల ప్రయాణంగానే మిగిలిపోయేది.

సాయంత్రం పిచోలా చెరువులో పడవ ఎక్కాం. ఒక ఒడ్డున సిటీ ప్యాలెస్, మధ్యలో తెల్లటి లేక్ ప్యాలెస్. అందరూ వాటికేసి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. గైడు మాత్రం నీళ్ల గురించి చెప్పాడు. ఉదయ్ సింగ్ 16వ శతాబ్దంలో ఇక్కడ రాజధాని కట్టకముందే ఈ చెరువు ఉందట. మహారాణా లాఖా కాలంలో ధాన్యం మోసే ఒక బంజారా తవ్వించాడని చెప్పుకుంటారట. అంతవరకు కిటికీలు లెక్కపెడుతున్న లెక్చరర్ గారు చటుక్కున ఇటు తిరిగారు.

"ఏమన్నాడు? బంజారానా?"

"అవును సార్, బంజారాయే."

ఆయన కాసేపు నీళ్లకేసి చూసి భార్యతో అన్నారు: "మన ఊళ్లో బంజారా హిల్స్ అని పేరే మిగిలింది. ఇక్కడ చెరువైనా మిగిలింది."

మొఘల్ సైన్యాలకు ఎడ్ల మీద ధాన్యం మోస్తూ దక్కన్‌కు వచ్చిన లంబాడీల సంగతి పుస్తకాల్లో చదివాను. వాళ్లు బయలుదేరిన వైపుకు, వాళ్ల మనిషి పక్కన కూర్చుని వెళ్లడం వేరు.

రెండో రోజు: కుంభల్‌గఢ్, రణక్‌పూర్

పొద్దున్నే ఉప్మా తిని ఆరావళీ కొండల్లోకి బయలుదేరాం. హిమాలయాల కన్నా ఎంతో పాతవి ఈ కొండలు. అరిగి, ఒంగి, ముసలివాళ్ల భుజాల్లా ఉన్నాయి. దారి పొడవునా సీతాఫలం చెట్లే. కాయల కాలం అయిపోయింది కాబట్టి బస్సు ఆపమని ఎవరూ అడగలేదు.

కుంభల్‌గఢ్‌ను 15వ శతాబ్దంలో రాణా కుంభా కట్టించాడు. 1540లో మహారాణా ప్రతాప్ పుట్టింది ఇక్కడే. ప్రహరీ పొడవు 36 కిలోమీటర్లు. కొండ ఎటు దిగితే గోడ అటు దిగుతుంది, కొండ ఎటు ఎక్కితే అటు ఎక్కుతుంది. గోల్కొండ చూసిన కళ్లకు కోట అంటే నల్లరాతి గుట్ట మీద గుట్టగా పేర్చినట్టు ఉండాలి. ఇది అలా కాదు, కొండలకు మొలతాడు కట్టినట్టుంది. మోకాళ్ల నొప్పుల వల్ల అత్తమ్మ మొదటి ద్వారం దగ్గరే ఆగిపోయారు. నేను పైకి ఎక్కి దిగి వచ్చేసరికి అక్కడ వేరుశెనగలు అమ్మే ఆవిడకు ముగ్గురు మనవలున్నారని, పెద్దవాడు సూరత్‌లో పనిచేస్తాడని అత్తమ్మకు తెలిసిపోయింది.

మధ్యాహ్నం రణక్‌పూర్ జైన ఆలయం. 1,444 పాలరాతి స్తంభాలు, ఒకదాని చెక్కడం ఇంకొక దానిలా ఉండదంటారు. అత్తమ్మది హనుమకొండ. చిన్నప్పుడు వేయి స్తంభాల గుడి మెట్ల మీద ఆడుకున్న మనిషి. "మా గుడిలో వెయ్యి లేవని తెలిసి చిన్నప్పుడు ఏడ్చాను. వీళ్లవి లెక్కకు ఉన్నాయేమో చూస్తాను" అని మొదలుపెట్టి, అరవై దగ్గర తప్పిపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. వెలుతురు ఆ గుడిలో నేరుగా పడదు, స్తంభం నుంచి స్తంభానికి జారుతూ వస్తుంది. ఒకచోట నిలబడి చూస్తే రాయి తేనెరంగు, నాలుగడుగులు వేస్తే నీలం. ఈ ఎనిమిది రోజుల్లో మళ్లీ చూడాలనిపించిన కట్టడం ఇదొక్కటే.

రాత్రి వంట సామాను బండి టైరు పంక్చరై ఎక్కడో ఆగిపోయింది. బస చేసిన చోట దగ్గరి భోజనశాలలో స్థానిక భోజనమే తినాల్సి వచ్చింది. పళ్లెంలో దాల్ బాటీ చూసి లెక్చరర్ గారి భార్య నవ్వారు. "మా తండాలో రొట్టెనే బాటి అంటాం." ఇంకో గిన్నెలో సన్నగా, ముదురు ఆకుపచ్చ రంగులో పుల్లల్లాంటి కూర. పులుపు, కారం, కాస్త వగరు. నాకు బాగా నచ్చి రెండోసారి వేయించుకున్నాను. పేరు 'కేర్ సాంగ్రీ' అన్నారు. కేర్ అంటే ఒక ముళ్లపొద కాయలు. సాంగ్రీ అంటే ఖేజ్డీ చెట్టు కాయలు. ఖేజ్డీ అంటే ఏ చెట్టని ఫోనులో వెతికి చూపించాను.

అత్తమ్మ చేతిలో రొట్టె కింద పెట్టేశారు. "జమ్మి చెట్టా? జమ్మి కాయలు వండారా?"

రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం ఒకటేనని అప్పటిదాకా నాకూ తట్టలేదు. అత్తమ్మకు అదేమీ పట్టలేదు. దండం పెట్టే చెట్టును కూర చేస్తారా అని ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. నా గిన్నె వైపు రెండుసార్లు చూశారు. నేను చూడనట్టు తినేశాను.

మూడో రోజు: ఖేజడ్లీ

ఇది కరపత్రంలో లేదు. జోధ్‌పూర్ చేరడానికి ముందు కాస్త పక్కకు తిరిగితే ఖేజడ్లీ అనే ఊరు వస్తుందని డ్రైవర్ చెప్పాడు. మేనేజరు గడియారం చూసుకున్నారు. కర్నూలు మాస్టారు "పిల్లలకు ముప్ఫై ఏళ్లు పాఠంలో ఈ ఊరి గురించే చెప్పానండీ, చూడకుండా పోతే ఎట్లా" అని పట్టుబట్టారు. జోధ్‌పూర్‌లో దుకాణాలకు ఇచ్చిన సమయంలో గంట తగ్గించుకుంటామని అందరం ఒప్పుకున్నాక బండి తిరిగింది.

కొండలు వెనకబడ్డాయి. నేల బూడిద రంగులోకి మారింది. పొలాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి జమ్మి చెట్లు. రైతులు వాటిని తీసేయకుండా చుట్టూ దున్నుకుంటారు. వేరు బాగా లోతుకు పోతుంది కాబట్టి పైరు నీటికి పోటీ రాదు. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. దీని నీడన సజ్జ బాగా పండుతుందని డ్రైవర్ చెప్పాడు. ఆయనకు సొంత పొలం ఉందట, నాలుగు చెట్లు ఉన్నాయట. ఎకరాలు చెప్పకముందే చెట్ల సంఖ్య చెప్పాడు.

1730లో మార్వాడ్ రాజు అభయ్ సింగ్ కొత్త భవనం కోసం సున్నం కాల్చాలంటే కట్టెలు కావాల్సి వచ్చి, రాజోద్యోగులు గొడ్డళ్లతో ఈ ఊరికి వచ్చారు. ఊరు బిష్ణోయిలది. పచ్చని చెట్టును కొట్టకూడదన్నది వాళ్ల గురువు జంభేశ్వరుడు పెట్టిన 29 నియమాల్లో ఒకటి. అమృతాదేవి అనే ఆవిడ చెట్టును కావలించుకుని నిలబడింది. తల పోయి చెట్టు మిగిలినా బేరం చవకే అందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడనూ, ఆవిడ ముగ్గురు కూతుళ్లనూ నరికారు. కబురు విని చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు వచ్చి ఒక్కొక్కరే ఒక్కో చెట్టును పట్టుకున్నారు. మొత్తం 363 మంది పోయాక రాజు ఆపించాడు.

స్మారకం పెద్దదేమీ కాదు. గుడి, చుట్టూ చెట్లు. మేం వెళ్లినప్పుడు పెద్ద ముక్కుపుడక పెట్టుకున్న ఒక ముసలావిడ చెట్టు కింద కూర్చుని ఉంది. అత్తమ్మ ఆవిడ పక్కన చేరారు. అత్తమ్మ హైదరాబాద్ హిందీ అక్కడ సగమే పనిచేసింది. మిగతా సగానికి లెక్చరర్ గారి భార్య లంబాడీ మాటలు అందించారు. కొన్ని మాటలు ఆవిడకు నేరుగా తగిలాయి, కొన్నిటికి ఇద్దరూ నవ్వేసుకున్నారు.

అత్తమ్మ పర్సు తీసి పొట్లం విప్పి చూపించారు. మేమూ ఈ చెట్టును కొలుస్తాం, పండుగ నాడు దీన్ని బంగారమని పంచుకుంటాం అని చెప్పారు. ముసలావిడ ఆకులను వేలితో కదిపి చూసి ఒక్కటే అడిగింది.

"కోసినదా, రాలినదా?"

అత్తమ్మ నా వైపు చూశారు. దసరా ముందు రోజు మలక్‌పేట మార్కెట్ దగ్గర కొమ్మలు కొమ్మలుగా గుట్ట పోసి అమ్ముతారు. మర్నాడు పొద్దున మిగిలిన గుట్టను మున్సిపాలిటీ బండి ఎత్తుకుపోతుంది. చివరికి అత్తమ్మ "కొన్నది" అన్నారు.

ఆవిడేమీ అనలేదు. అత్తమ్మే మాట మార్చి, కాయలు తినవచ్చా అని అడిగారు. దానికి మాత్రం ఆవిడ చాలాసేపు చెప్పింది. మాకు తెలిసినంత వరకు దాని సారం ఇది: 'ఛప్పనియా' కరువులో, అంటే విక్రమ శకం 1956లో, మన లెక్కన 1899లో, కాయలూ అయిపోయి బెరడు దంచి పిండి చేసుకుని తిన్నవాళ్లు ఉన్నారు. అలా బతికినవాళ్ల మనవరాలే తను.

జోధ్‌పూర్ చేరేసరికి చీకటి పడింది. దుకాణాలు మూసేశారని ఇద్దరు ముగ్గురు సణిగారు. మెట్లబావి 'తూర్‌జీ కా ఝాల్‌రా' మాత్రం చూశాం. 1740ల నాటిది. చెత్తతో పూడిపోయి ఉంటే తవ్వి బాగుచేశారు. మన బన్సీలాల్‌పేట బావికి అక్కలా ఉంది.

నాలుగో రోజు: మెహ్రాన్‌గఢ్, ఎడారి దారి

1459లో రావ్ జోధా ఈ కోటకు పునాది వేసినప్పుడు కొండ మీద ఉన్న సాధువును వెళ్లగొట్టాడట. నీళ్లకు కరువొస్తుందని ఆయన శపించాడట. శాపం పోవాలని రాజియా అనే మేఘ్వాల్ (ఒక దళిత కులం) మనిషిని పునాదిలో సజీవంగా పూడ్చారు. కోటలో అతని పేరుతో రాయి ఉంది. లోహ ద్వారం పక్కన గోడకు చిన్న చిన్న అరచేతుల గుర్తులు ఉన్నాయి. 1843లో మాన్ సింగ్ మహారాజుతో పాటు చితి ఎక్కిన రాణులవి. గైడు వాటిని గౌరవంగా చూపించాడు, కొందరు దండం పెట్టారు. నాకు చెయ్యి లేవలేదు. నిన్న చెట్టు కోసం పోయిన ఆడవాళ్లను చూసి వచ్చిన కళ్లతో ఇవి చూడడం కష్టంగా అనిపించింది.

పైనుంచి నీలం రంగు ఇళ్లు బాగున్నాయి. కింద గంటస్తంభం బజారులో మిర్చీ వడ తిన్నాం. మన మిరపకాయ బజ్జీకి బంగాళదుంప కూర కుక్కితే అదే. వంట మాస్టారు పరీక్షగా కొరికి చూసి, "పిండి మందం" అని తీర్పు చెప్పారు. నేను అదే బజారులో పావు కిలో ఎండు సాంగ్రీ కొన్నాను. అత్తమ్మ వద్దనలేదు.

జైసల్మేర్‌కు దాదాపు 285 కిలోమీటర్లు. పోఖ్రాన్ దాటాం. 1974లో, 1998లో అణు పరీక్షలు జరిగింది ఈ చుట్టుపక్కలే. రోడ్డు మీద చూడడానికి ఏమీ లేదు, టీ బాగుంది. ఆ తరవాత గాలిమరలు మొదలయ్యాయి. వందల్లో. వాటి మధ్య కరెంటు తీగలు. కర్నూలు మాస్టారు కిటికీకి అతుక్కుపోయి బట్టమేక పిట్ట కోసం చూస్తున్నారు. ఆయన ఉద్యోగం చేసిన రోజుల్లో అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో ఈ పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. సైకిల్ మీద వెళ్లి చూసి వచ్చేవారట. ఇప్పుడు దేశం మొత్తం మీద నూట యాభైకి లోపే మిగిలాయంటారు. వాటిలో ఎక్కువ ఈ జైసల్మేర్ వైపే. బరువైన పిట్ట, ముందున్నది సరిగా చూడలేదు, తీగలు తగిలి చస్తుంది. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుంటూ చీకటి పడేదాకా చూశారు. కనబడలేదు.

ఐదో రోజు: జైసల్మేర్, సమ్

జైసల్మేర్ కోట 1156లో రావల్ జైసల్ కట్టించింది. పొద్దున ఎండ పడితే పసుపు ముద్దలా ఉంటుంది. విశేషం ఏమిటంటే లోపల ఇంకా మనుషులు కాపురం ఉంటున్నారు. బట్టలు ఆరేస్తున్నారు, పిల్లలు బడికి పోతున్నారు, ఆవు అడ్డంగా పడుకుంటే జనం పక్కకు తప్పుకుని పోతున్నారు. కోటకు ఇప్పుడు శత్రువు నీళ్లే. వెనకటికి నీళ్లు కడవల్లో మోసుకొచ్చి పొదుపుగా వాడేవాళ్లు. కుళాయిలు వచ్చాక, హోటళ్లు పెరిగాక, వాడిన నీరు పునాదుల్లోకి ఇంకి బురుజులు కుంగాయి. ఎడారి మధ్యలో నీళ్లెక్కువై గోడ కూలడం విని మా బృందంలోని ఎస్.ఆర్. నగర్ దంపతులు నమ్మలేదు.

పట్వాల హవేలీ ముందు ఫోటోలు దిగాం. గడీసర్ చెరువు చూశాం. ఒకప్పుడు ఊరంతా తాగింది ఈ 14వ శతాబ్దపు చెరువు నీళ్లే. ఇప్పుడు పంజాబ్ నుంచి ఇందిరా గాంధీ కాలువ వస్తోంది.

సాయంత్రం సమ్ ఇసుక తిన్నెలు. కరపత్రంలో 'నక్షత్రాల కింద ఎడారి రాత్రి' అని ఉంది. గుడారం బాగానే ఉంది, స్నానాల గదిలో వేడినీళ్లు కూడా. కానీ వరసగా గుడారాలు, ప్రతి గుడారాల గుంపుకూ ఒక వేదిక, ప్రతి వేదికకూ నాలుగు లౌడ్‌స్పీకర్లు. పక్కవాళ్ల పాట మన పాటలో పడి రెండూ చెడ్డాయి. మధ్యలో 'లంగా' అనే పాటగాళ్ల కులానికి చెందిన ఒక జానపద గాయకుడు మైకు లేకుండా ఒక్క పాట పాడాడు. ఆ అయిదు నిమిషాలకే డబ్బు ఇచ్చాననుకుంటాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ వచ్చింది. చలి ఎముకల్లోకి దిగుతోంది. బయటికి వస్తే అత్తమ్మ అప్పటికే శాలువా కప్పుకుని ఇసుక మీద కూర్చుని ఉన్నారు. స్పీకర్లు నిద్రపోయాయి. ఆకాశం నిండా చుక్కలు. మంచిర్యాలలో మామయ్య ఉద్యోగం చేసిన రోజుల్లో డాబా మీద పడుకున్నప్పుడు ఇన్ని చూశానని అత్తమ్మ చెప్పారు. ఇద్దరం తెల్లారేదాకా ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఆరో రోజు: కుల్‌ధరా, బికనేర్ దారి

పాలీవాల్ బ్రాహ్మణులు 19వ శతాబ్దంలో వదిలేసి పోయిన ఊరు కుల్‌ధరా. దివాన్ దౌర్జన్యం, ఒక ఆడపిల్ల, రాత్రికి రాత్రి ఊరు ఖాళీ, శాపం, దయ్యాలు: గైడు అన్నీ చెప్పాడు. ఖడీన్ గురించి మాత్రం లెక్చరర్ గారు అడిగితేనే చెప్పాడు. వాన నీరు పారివచ్చే చోట మట్టి కట్ట వేసి, నీరు నేలలోకి ఇంకాక ఆ తడిలో గోధుమ పండించే పద్ధతి అది. ఎడారిలో గోధుమ పండించిన వాళ్ల ఊరికి దయ్యాల టికెట్ పెట్టారు.

మిగతా రోజంతా బస్సులోనే, 330 కిలోమీటర్లు. మధ్యాహ్నం దారిలోని ధాబాలో వంట మాస్టారి పులిహోర ఉన్నా, అత్తమ్మ సజ్జ రొట్టె తెప్పించుకున్నారు. పక్కన సాంగ్రీ కూర. మొదటి ముద్ద కళ్లు మూసుకుని తిన్నారు. "చింతపండు పడితే ఇంకా బాగుండేది" అన్నారు. అంతే.

ఏడో రోజు: బికనేర్

జునాగఢ్ కోట కొండ మీద కాదు, నేల మీదే ఉంది. 1589లో మొదలుపెట్టిన రాజా రాయ్ సింగ్ అక్బర్ సేనాని. గదుల్లో బంగారు పూత, నీలి మేఘాలు గీసిన గోడలు. వాన చూడని పిల్లలకు వాన ఇలా ఉంటుందని చూపించడానికి గీయించారట. ఇదంతా చూస్తూ పోతుంటే గైడు మామూలుగా ఒక మాట అన్నాడు: "అనూప్ సింగ్ మహారాజు ఔరంగజేబు తరఫున దక్కన్ యుద్ధాలకు వెళ్లి అక్కడే ఆదోనిలో చనిపోయారు."

కర్నూలు మాస్టారు అందరినీ ఆపేశారు. "ఏ ఊరు? మళ్లీ చెప్పు నాయనా."

మన ఆదోనే. 1698లో. అంతకు పదకొండేళ్ల ముందు గోల్కొండ పడిపోయినప్పుడు ముట్టడించిన సైన్యంలోనూ ఆయన ఉన్నాడు. దక్కన్ నుంచి సంస్కృత తాళపత్రాలు, రాతప్రతులు కట్టలు కట్టలుగా బికనేర్‌కు పంపించాడు. ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. గోల్కొండకు చుట్టాలను ఇరవైసార్లు తీసుకెళ్లి ఉంటాను, గైడు చప్పట్లు కొట్టి చూపించడమే తప్ప, అవతలి వైపు గుడారాల్లో ఎవరున్నారని నేనెప్పుడూ అడగలేదు. మాస్టారు ఆ రోజంతా ఆదోని, ఆదోని అంటూనే ఉన్నారు. బట్టమేక దొరకని దుఃఖం కాస్త తీరింది.

రాత్రి పదకొండుకు జైపూర్ చేరాం.

ఎనిమిదో రోజు: జైపూర్, ఇల్లు

జైపూర్‌ను హడావిడిగా చూశాం కాబట్టి హడావిడిగానే రాస్తాను. 1727లో జైసింగ్ కట్టించిన ఊరు, గీత గీసినట్టున్న వీధులు, గులాబీ రంగు, హవా మహల్ ముందు తోపులాట. జంతర్ మంతర్‌లో 27 మీటర్ల ఎత్తున్న నీడ గడియారం, సామ్రాట్ యంత్రం నీడ కంటి ముందే జరుగుతుంటే మాత్రం కదలబుద్ధి కాలేదు. లక్క గాజుల వీధిలో మా వాళ్లు బేరాలాడుతుంటే లాడ్ బజార్‌లో ఉన్నట్టే ఉంది. "ఇవి అక్కడ ఇంకా చవక" అని అందరూ అన్నారు, అందరూ కొన్నారు.

తిరిగి వచ్చిన నాలుగో రోజున సాంగ్రీ వండాను. రాత్రంతా నానబెట్టాలని తెలియక రెండు గంటలు నానబెట్టి వండితే తీగల్లా వచ్చింది. అత్తమ్మ ఇంకోసారి నేర్పుగా చేద్దామన్నారు. కానీ సరుకు అయిపోయింది. స్టీలు గిన్నె మూత మార్పించడానికి బేగంబజార్ వెళ్లినప్పుడు, నలభై ఏళ్లుగా అప్పడాలు కొనే మార్వాడీ దుకాణంలో ఎందుకో అడిగి చూశారు. ఆయన లేచి, పై అరలోంచి గోనె సంచి దించాడు.

"ఎప్పటి నుంచి అమ్ముతున్నారు ఇది?"

"మా తాత నాటి నుంచి, అమ్మా. మీరెప్పుడూ అడగలేదు."

అత్తమ్మ గుప్పెడు తీసి వాసన చూశారు. జోధ్‌పూర్‌లో పావు కిలో ఎంత పడిందో నన్ను అడిగి, దాని మీద యాభై తగ్గించి బేరం మొదలుపెట్టారు.